లేఆఫ్ అయింది, మా ఆవిడకు ఏడో నెల: కోబ్రా కట్టాలా?

> డాలస్‌కు కొత్త. హెచ్1బి. ఈ నెలాఖరుతో కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిపోతుందట. మా ఆవిడకు ఏడో నెల. కోబ్రాకు (ఉద్యోగం పోయాక అదే కంపెనీ ఇన్సూరెన్స్‌ను మన డబ్బుతో కొనసాగించుకోవడం) నెలకు రెండు వేల డాలర్ల పైనే అవుతుందంటున్నారు. కట్టాలా, వదిలేయాలా?

తమ్ముడూ, ముందు రెండు గడువుల్ని కలిపేసుకోకు. వీసా గ్రేస్ పీరియడ్ (ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండనిచ్చే గడువు) ఉద్యోగం పోయిన రోజు నుంచి మహా అయితే 60 రోజులు. కోబ్రా ఎంచుకోవడానికీ 60 రోజులే, కానీ కవరేజీ ఆగిన రోజు, కోబ్రా నోటీసు ఇచ్చిన రోజు, వీటిలో ఏది వెనకొస్తే అక్కడి నుంచి లెక్క. కంపెనీలో 20 మంది, ఆపైన ఉద్యోగులుంటే ఇది ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు. వీసాతో సంబంధం లేదు. నోటీసు రావడానికి 44 రోజులు పట్టినా పట్టొచ్చు. అడ్రస్ మారుతుంటే హెచ్ఆర్‌కు ఈరోజే ఈమెయిల్ పెట్టు.

ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా నీ మీదే పడుతుంది కాబట్టి అంత కనిపిస్తోంది. ప్లాన్ అసలు ఖర్చులో 102 శాతం మించి అడగకూడదు. ఎంచుకున్నాక మొదటి చెల్లింపుకు ఇంకో 45 రోజులుంటాయి. కడితే కవరేజీ ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆఖరి వారం దాకా ఆగి చూస్తారు. మీకు ఆ పద్ధతి వద్దు. ఈలోపు చెకప్‌కు వెళితే ఆసుపత్రి కంప్యూటర్లో ఇన్సూరెన్స్ లేదని వస్తుంది, ముందే డబ్బు కట్టమంటారు. మధ్యలో నెలలు ఎగ్గొట్టడం కూడా కుదరదు, మొదటి నెల నుంచీ అన్నీ కట్టాలి.

డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలయ్యే ముందు ఏటా మనం పెట్టుకోవాల్సిన ఖర్చు) చాలావరకు కట్టేసి ఉంటే కోబ్రానే మేలు. అదే డాక్టరు, అదే లెక్క కొనసాగుతాయి. ఏడాది మొదట్లోనే ఉండి ఇంకా ఏమీ కట్టకపోతే మార్కెట్‌ప్లేస్ (సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) ప్లాన్‌తో పోల్చి చూడు. నెలాఖరు లోపు ప్లాన్ ఎంచుకుంటే 1వ తేదీ నుంచి మొదలవుతుంది. గర్భం ఉందని కాదనకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు. మీ ప్రసూతి డాక్టరు ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆసుపత్రుల జాబితాలో) ఉన్నారో లేదో క్లినిక్‌కే ఫోన్ చేసి కనుక్కో. వెబ్‌సైట్ జాబితాలు చాలాసార్లు పాతవే ఉంటాయి. ఒక చిక్కు: కవరేజీ పోయిన 60 రోజులు దాటాక కోబ్రాను నీ అంతట నువ్వే మానేస్తే, అది కారణంగా చూపి మార్కెట్‌ప్లేస్‌లోకి రానివ్వరు. విజిటర్ ఇన్సూరెన్స్ అమ్మేవాళ్ల మాట మాత్రం వినకు.

---

పై జవాబుకు కొన్ని కలుపుతున్నాను. బిడ్డ పుట్టాక 30 రోజుల్లో ప్లాన్‌లో చేర్పించండి. అలా చేర్పిస్తే పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు వచ్చేదాకా ఆగకండి, ఎక్కువమంది గడువు పోగొట్టుకునేది అక్కడే. నంబరు తర్వాత ఇవ్వొచ్చు.

మామూలు కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటల కంటే తక్కువకు ఆసుపత్రి బసను ప్లాన్ కుదించకూడదు. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండి, మత్తు డాక్టరు నెట్‌వర్క్ బయటివారైతే వేరే పెద్ద బిల్లు పంపడాన్ని 2022 నుంచి చట్టం నిషేధించింది. అలాంటి బిల్లు వస్తే కట్టకముందే 1-800-985-3059కు ఫోన్ చేయండి. రోడ్డు మీద నడిచే అంబులెన్స్‌కు మాత్రం ఈ రక్షణ లేదు.

---

> క్లెయిమ్ తిరస్కరిస్తే?

అప్పీలుకు 180 రోజులుంటాయి. తిరస్కరణ ఉత్తరం అందిన రోజు నుంచి లెక్క. ఫోన్‌లో వాదించడం అప్పీలు కాదు, రాతపూర్వకంగా పంపండి. దానికి ముందే క్లెయిమ్ ఫైల్ మొత్తం అడగండి, ఉచితంగా ఇవ్వాల్సిందే. ఏ నిబంధన కింద కాదన్నారో అందులో ఉంటుంది, డాక్టరు ఉత్తరం సరిగ్గా దానికే జవాబుగా ఉండాలి. పెద్ద కంపెనీల్లో చాలావాటికి ప్లాన్ డబ్బు కంపెనీదే, కార్డు మీద పేరున్న ఇన్సూరెన్స్ సంస్థ లెక్కలు మాత్రమే చూస్తుంది. అలాంటి ప్లాన్ల మీద రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖకు అధికారం లేదు. ఫెడరల్ కార్మిక శాఖకు 1-866-444-3272లో చెప్పాలి.