వెబ్ ఆప్షన్లలో పైన ఆశ పెడితే ర్యాంకు వృథా అవుతుందా?

పాలమూరు_నాన్న:
అమ్మాయికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష తెలంగాణ ఎప్‌సెట్‌లో 12,400 ర్యాంకు, బీసీ-డి. మొదటి విడత వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు వరుసగా ఆన్‌లైన్‌లో పెట్టడం, రేపటి నుంచి. పైవరుసలో అందని కాలేజీలు పెడితే, అవి రాకపోగా అందేవి కూడా వేరేవాళ్లకు పోతాయంటున్నారు. నిజమేనా?

లెక్కల_మాస్టారు:
అపోహ అండీ. కేటాయింపు ర్యాంకు వరుసలో సాగుతుంది. ముందున్న ర్యాంకులవాళ్లందరికీ ఇచ్చాకే మీ పాప వంతు. ఆప్షన్ 1లో సీటుందా? లేదు. 2లో? లేదు. 23లో ఉందా? ఉంది, అది ఇస్తుంది. అదే సీటును అదే కేటగిరీలో 12,401 ర్యాంకువాళ్లు ఒకటో ఆప్షన్‌గా పెట్టుకున్నా మీ పాప తర్వాతే. ఇష్టం ఏ వరుసలో ఉంటే ఆప్షన్లు ఆ వరుసలోనే పెట్టండి.

సర్కారు_బడి:
చెప్పడం తేలిక మాస్టారూ. అందని కాలేజీలతోనే జాబితా నింపి, ఒక్క సీటూ రాకుండా మిగిలిపోయే పిల్లలు ఏటా ఉంటారు. అందేవే పైన పెట్టాలి.

లెక్కల_మాస్టారు:
అది వరుస తప్పు కాదు, జాబితా చిన్నదవడం తప్పు. నిరుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూపే చివరి ర్యాంకుల పట్టిక తీసి బీసీ-డి బాలికల కాలమ్ మాత్రమే చూడండి. ఓసీ కాలమ్ చూసి భయపడిపోయేవాళ్లే ఎక్కువ. 8,000 దగ్గర ఆగినవి కొన్ని, 12,000 చుట్టుపక్కలవి చాలా, 20,000 దాటినవి కొన్ని రాసుకోండి. అరవై పెట్టినా నష్టం లేదు.

స్వాతి_ఈసీఈ:
ముందు కాగితం మీద రాసుకోండి. సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), సీఎస్‌ఎం (అందులో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్), సీఎస్‌డీ (అందులో డేటా సైన్స్) వేర్వేరు బ్రాంచి కోడ్లు. ఒక్కక్షరం తేడాతో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బదులు డేటా సైన్స్ పడుతుంది.

సర్కారు_బడి:
నష్టం లేదట! రెండో విడత సంగతి చెప్పరేం? మొదటి విడతలో సీటొచ్చాక మళ్లీ ఆప్షన్లు పెట్టి, అందులో ఏదొచ్చినా పాత సీటు దానంతటదే రద్దు. చేతిలో ఉన్నదానికంటే తక్కువది ఒక్కటి జాబితాలో ఉన్నా కొంప మునుగుతుంది.

లెక్కల_మాస్టారు:
ఆ మాట నిజం. రెండో విడతలో పాత ఆప్షన్లు లెక్కలోకి రావు, కొత్తగా పెట్టాలి. చేతిలో ఉన్న సీటుకంటే మెరుగైనవే పెట్టాలి. ఉన్నది చాలనుకుంటే అసలు పెట్టకండి. కానీ ఆయన అడిగింది మొదటి విడత గురించి. మీరు పదే పదే దారి మళ్లిస్తున్నారు.

సర్కారు_బడి:
దారి మళ్లించడం కాదు! మీరు ఇష్టం, ఇష్టం అంటున్నారు, డబ్బు మాటే ఎత్తరు. 10,000 లోపు ర్యాంకుకు బీసీ, ఈబీసీ పిల్లలకు పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్. అది దాటితే సాధారణంగా 35,000 రూపాయలే. పాప ర్యాంకు 12,400. ఇష్టమని 1,50,000 ఫీజున్న కాలేజీ పైన పెట్టి, అదే వస్తే? ఏడాదికి 1,15,000 చొప్పున నాలుగేళ్లకు 4,60,000 ఎవరు కడతారు? అందుకే పైన పెట్టొద్దంటున్నా.

లెక్కల_మాస్టారు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఫీజు కట్టలేని కాలేజీని కిందకి దించితే సరిపోదు. 40వ స్థానంలో ఉన్నా అది రావచ్చు. జాబితాలోంచే తీసెయ్యాలి.

కోదాడ_శ్రీను:
రీయింబర్స్‌మెంట్ ఇలా ర్యాంకు మీద వచ్చే కన్వీనర్ కోటా సీటుకే. మేనేజ్‌మెంట్ సీటుకు, చివర్లో మిగిలిన సీట్లకు జరిగే స్పాట్ అడ్మిషన్‌కు రాదు. ఆదాయ పరిమితి పల్లెలో 1,50,000, పట్నంలో 2,00,000. ధ్రువపత్రం చేతిలో పెట్టుకోండి.

పాలమూరు_నాన్న:
ఏడాదికి 40,000 దాకా పెట్టుకోగలం. అంటే 75,000 దాటిన ఫీజులున్నవి కొట్టేస్తున్నా. వాటిలో అమ్మాయి మొదట రాసుకున్న రెండు కాలేజీలూ ఉన్నాయి. తనకింకా చెప్పలేదు.

లెక్కల_మాస్టారు:
ఇవాళే చెప్పండి. లెక్క కాగితం తన ముందు పెట్టండి. మిగిలినవాటి వరుస మాత్రం తననే రాయనివ్వండి.

సర్కారు_బడి:
ఆ 40,000లో బస్సు, హాస్టల్ కలిపారా? రీయింబర్స్‌మెంట్ వచ్చేది ట్యూషన్ ఫీజుకే. రోజూ వెళ్లిరాలేని కాలేజీ అయితే మీ గీత 75,000 దగ్గర ఆగదు, ఇంకా కిందకి రావాలి.