ముఖం నీళ్లలో పెట్టని పిల్లాడికి ఈత నేర్పేదెలా?

బెజవాడ కుర్ర కోచ్:
అందరికీ నమస్కారం. ఈ వేసవి క్యాంపులో తొలిసారి నాకంటూ ఒక బ్యాచ్ ఇచ్చారు. ఉదయం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, ఏడు నుంచి పదేళ్ల పిల్లలు పన్నెండు మంది, మూడడుగుల లోతు వైపు. నాకు ఈత బాగా వచ్చు, జిల్లా పోటీల్లో ఈదాను. నేర్పడం మాత్రం రాదని నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. గట్టు మీద నుంచి "మోకాళ్లు వంచకు, తల ఎత్తకు, ఊపిరి బిగపట్టకు" అని అరిచి గొంతు పోయింది. వాళ్ల కాళ్లు మాత్రం సైకిల్ తొక్కుతూనే ఉన్నాయి. పైగా ఎనిమిదేళ్ల బాబు ఒకడు ముఖం నీళ్లలో పెట్టనే పెట్టడు. వాళ్ల నాన్నగారు రోజూ గేటు దగ్గర నిలబడి "ఒకసారి తోసెయ్యండి సార్, అదే వస్తుంది" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

గట్టు మాస్టారు:
తమ్ముడూ, ముందు ఆ అరవడం ఆపు. తలకి క్యాప్, చెవుల్లో నీళ్లు, పక్కన పదకొండు మంది తపతపలు. నీ మాట వాడికి సగం కూడా చేరదు. ఈదుతున్న పిల్లాడితో మాట్లాడొద్దు. వాడు గట్టు పట్టుకున్నాక, నువ్వూ కిందికి వంగి, కళ్లలోకి చూసి ఒక్క ముక్క చెప్పు. ఒక్కటే. వెళ్లొచ్చాక దాని గురించే అడుగు. కాళ్లు చూసే రోజున చేతులు ఎంత వంకరగా పడుతున్నా వదిలెయ్యాలి. పద్దెనిమిదేళ్ల నుంచి నేర్పుతున్నా, ఇప్పటికీ నా నోరు ఊరుకోదనుకో.

ఇంకోటి, నువ్వు రాసిన మూడు మాటలూ 'వద్దు'లే. 'మోకాళ్లు వంచకు' అంటే మరేం చెయ్యాలో వాడికేం తెలుస్తుంది? "బొటనవేళ్లు ఒకదానికొకటి రాసుకోవాలి, వెనకాల నీళ్లు తెర్లినట్టు కనపడాలి" అని చెప్పి చూడు. ఊపిరి వదలడానికి నేను "వేడి పాలు ఊదినట్టు ఊదు" అంటాను. పక్కకి తిరిగి గాలి పీల్చేటప్పుడు "చాచిన చేతి మీద చెవి ఆనించి పడుకున్నట్టు, ఒక చెంప నీళ్లలోనే" అంటాను. తల లేస్తే కాళ్లు దిగిపోతాయని పాఠం చెబితే ఎవరూ నమ్మరు. ఒకసారి ఎదురుగా చూస్తూ, ఒకసారి అడుగున పలకలు చూస్తూ తేలమను. తేడా వాళ్లే చెబుతారు.

పొద్దున ఎండ ఎటు ఉందో కూడా చూసుకో. ఎండ పడితే నీ కళ్లలో పడాలి, వాళ్ల కళ్లలో కాదు.

ఇక ఆ బాబు. ఒలింపిక్స్‌లో గెలిచిన అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ కూడా చిన్నప్పుడు ముఖం తడపడానికి భయపడినవాడే, ముందు వెల్లకిలా ఈదడంతో మొదలుపెట్టాడు. నువ్వూ అలాగే చెయ్యి. తల కింద అరచెయ్యి పెట్టి వెల్లకిలా తేలనివ్వు. చెయ్యి తీసే ముందు "తీస్తున్నా" అని చెప్పి తియ్యి. కొత్తలో నేను ఒక పాపతో "వదలను, వదలను" అంటూనే వదిలేశాను. ఆ పాప తేలింది. మర్నాటి నుంచి క్లాసుకి రాలేదు.

కోనసీమ కుర్రోడు:
మాస్టారూ, ఇన్ని మాటలు అవసరమా? నాకైతే నడుముకి సొరబుర్ర కట్టి కాలవలోకి తోసేశారు, వారంలో వచ్చేసింది.

గట్టు మాస్టారు:
నేనూ సొరబుర్రతో బావిలో నేర్చుకున్నవాడినే. తోశారని మనం చెప్పుకుంటాం గానీ, అప్పటికే బావిలో మా బాబాయిలు ఇద్దరు దిగి ఉండేవారు. నడుముకి కట్టిన తాడు కొస నాన్న చేతిలో ఉండేది. ఇక్కడ పన్నెండు మందికి ఒక్కడే మనిషి. మునిగేవాడు సినిమాలోలా కేకలు పెట్టడు, నోరు నీటి పైకి వచ్చే కాస్త సమయం గాలి పీల్చుకోవడానికే సరిపోదు. కుర్ర కోచ్, నీతోపాటు నీళ్లలో ఇంకొకరు కావాలని ముందు అడుగు. ఊపిరి ఎంతసేపు ఆపగలరన్న పందాలు అసలు పెట్టనివ్వకు. గబగబా గాలి పీల్చి మునిగితే తెలివి తప్పే ప్రమాదం ఉంది.

నలభై రెండేళ్ల విద్యార్థిని:
నేర్చుకున్నదాన్ని కాబట్టి ఒక మాట. నా భయం మునగడం గురించి కాదు, తేలాక కాళ్లు కింద పెట్టడం రాదేమోనని. మా మేడమ్ మొదటి రోజంతా అదే నేర్పారు: మోకాళ్లు పొట్ట దగ్గరికి లాక్కోవాలి, రెండు చేతులతో నీళ్లని కిందికి నొక్కాలి, తల లేపాలి, నిలబడాలి. ఇరవైసార్లు చేయించారు. రెండో రోజు ఎవరూ అడక్కుండానే ముఖం పెట్టాను. ఆ బాబుకి నిలబడటం వచ్చో లేదో చూడండి.

బెజవాడ కుర్ర కోచ్:
మేడమ్, చూశాను. వాడికే కాదు, పన్నెండు మందిలో ఏడుగురికి రాదు! రెండు రోజులు అదే చేయించాం. ఇప్పుడు సాయానికి ఇంకో అబ్బాయి నీళ్లలో ఉంటున్నాడు. బాబు నిన్న వెల్లకిలా పది లెక్కపెట్టే వరకు తేలాడు. ముఖం ఇంకా పెట్టలేదు, చెంప వరకు వచ్చాడు. వాళ్ల నాన్నగారిని సాయంత్రం పెద్దల బ్యాచ్‌కి రమ్మన్నాను. ఆయనకి ఈత రాదట.