చెరువు ఇంకిందా, ఇగిరిందా?

కావలి నుంచి ప్రశ్న: ఎండలకు చెరువు ఎండితే మా ఇంట్లో ‘ఇంకిపోయింది’ అంటాం. మా అబ్బాయి పుస్తకంలో ‘బాష్పీభవనం’ అని ఉంది. దానికి ఇంకడం సరిపోతుందా, ఇగరడం అనాలా?

అల్లూరు వైపు నుంచి: ఇగరడమేనండీ. ఇంకిన నీళ్లు నేలలోకి పోతాయి, ఇగిరిన నీళ్లు గాలిలోకి పోతాయి. నిఘంటువుల్లో ఇంకుకు ‘ఎండిపోవు’ అనే అర్థం కూడా ఉంది కాబట్టి మీ ఇంటి మాట తప్పేం కాదు. కానీ మా ఇస్కపల్లి ఉప్పు మడుల దగ్గర రెండూ కలిపేస్తే కుదరదు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీళ్లు దాదాపు పదోవంతుకు ఇగిరితే గానీ ఉప్పు పేరడం మొదలవదు. ఇంకాయో, నీళ్లతో పాటు ఉప్పూ భూమిపాలే. మడి అడుగును ముందుగా తొక్కి గట్టిపరిచేది అందుకే.

రొయ్యల గుంట ఉన్న సభ్యుడు: మాకూ ఇదే లెక్క. నీళ్ల మట్టం తగ్గి ఉప్పదనం పెరిగితే ఇగిరినట్టు. మట్టం తగ్గినా ఉప్పదనం అంతే ఉంటే అడుగు ఇంకుతోందనో, గట్టు కారుతోందనో అర్థం. పోయినేడు మాది కారింది. పక్క వరి కయ్య వాళ్లతో పెద్ద టెన్షన్ అయింది లెండి.

కనిగిరి నుంచి: మా దగ్గర మే నెలలో తడి తువ్వాలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. కొత్తపట్నంలో మా అత్తగారింట్లో సాయంత్రానికీ ఆరదు. అదీ ఇగరడమేగా, అంత తేడా ఏంది?

అల్లూరు వైపు నుంచి: గాలి ఎంత నిండి ఉందన్నదే తేడా అన్నా. 30 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి పడుతుంది, 20 డిగ్రీలైతే 17 గ్రాములే. పట్టేదాంట్లో ఎన్నో వంతు ఉందో శాతంలో చెబితే అదే సాపేక్ష ఆర్ద్రత. కొత్తపట్నంలో సముద్రపు గాలి ముందే చాలావరకు నిండి వస్తుంది, ఇక బట్టల తడి ఎక్కడికి పోవాలి? ఒంటి మీద చెమటా ఇగరదు. ఆ బాధకే ఉక్కపోత అని పేరు. మీ వైపు చెమట పట్టీ పట్టకముందే ఇగిరిపోతుంది. అది హాయనుకోవద్దు, ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలియకుండానే వడదెబ్బ తగులుతుంది.

కావలి నుంచి: మరి ఆవిరి మళ్లీ నీళ్లయితే?

ఒంగోలు నుంచి, బడిపంతులు: చన్నీళ్లు పోసిన చెంబు బయట బొట్లు కడితే ‘చెంబు చెమర్చింది’ అంటాం. నాకైతే ఆ మాటే ఇష్టం. పుస్తకంలో సాంద్రీకరణం అంటారు, మబ్బు కట్టేదీ దానివల్లే. పిల్లవాడు పరీక్షలో ‘ద్రవీభవనం’ అని రాయకుండా చూడండమ్మా. అది మంచుగడ్డ కరగడం. మా పిల్లలు ఏటా అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.