టెక్సాస్ ఇన్‌స్టేట్ ఫీజు తీర్పు: మన హెచ్4 పిల్లలకు తగులుతుందా?

ప్లేనో పంతులు
హెచ్4 అంటే హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ కుటుంబానికిచ్చే వీసా. ఆ పిల్లల కాలేజీ ఫీజు మీద వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతున్నాయి. "హెచ్4 పిల్లలు కూడా ఇక ఔటాఫ్ స్టేట్ (బయటి రాష్ట్రాలవాళ్ళ) ఫీజే కట్టాలి" అన్నది ఒకటి. "అది కాగితాల్లేనివాళ్ళ గొడవ, మనకేం కాదు" అన్నది రెండోది. జరిగింది చెప్తాను. 2001లో అప్పటి గవర్నర్ రిక్ పెర్రీ సంతకం పెట్టిన చట్టం, 2005 సవరణతో కలిపి, చెప్పేది ఇదీ: టెక్సాస్ హైస్కూల్లో పాసై, అంతకుముందు 36 నెలలు ఇక్కడే ఉన్న పిల్లలకి కాలేజీలో స్థానికుల (ఇన్‌స్టేట్) ఫీజే. ఇమిగ్రేషన్ కాగితాలతో పనిలేదు. 2025 జూన్ 4న కేంద్ర న్యాయశాఖ దీనిమీద దావా వేసింది. రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసు అదే రోజు ఒప్పేసుకుంది, కాగితాల్లేనివాళ్ళకి ఆ రాయితీ ఆపేస్తూ జడ్జి రీడ్ ఓకానర్ అదే రోజు ఆర్డరిచ్చేశారు. ఇది మంచిదే అంటారా?

లైన్లో ఉన్నోణ్ణి
మంచిదే. 1996 ఫెడరల్ చట్టం తేటగా ఉంది: ఒక్లహామా నుంచొచ్చిన సిటిజన్‌కి ఇవ్వని రాయితీని, ఇక్కడ ఉంటున్నాడన్న కారణంతో కాగితాల్లేనివాడికి ఇవ్వకూడదు. ఇరవై నాలుగేళ్ళు నడిచిందని తప్పు ఒప్పయిపోదు.

రూల్‌బుక్ రావు
కాలిఫోర్నియాలో ఇదే వాదన 2010లో వాళ్ళ సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అక్కడి చట్టం హైస్కూల్లో ఎన్నేళ్ళు చదివారన్నదే చూస్తుంది, ఎక్కడ నివాసమని అడగదు. కాలిఫోర్నియాలో చదివి నెవాడాకి మారిపోయిన సిటిజన్‌కి కూడా అదే రాయితీ. టెక్సాస్ చట్టంలో "నివాసం" అన్న మాట నేరుగా ఉంది, అక్కడే బలహీనపడింది. ఐదో సర్క్యూట్ (టెక్సాస్ మీద ఉన్న ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు) 2023లోనే ఆ సంగతి సూచించింది. అంతవరకు లైన్ గారితో ఒప్పుకుంటాను. కానీ ఇంకోవైపు వాదించే మనిషే లేకుండా ఒక్క పూటలో తేల్చేస్తే దాన్ని విచారణ అంటారా? ఈ చట్టాన్ని రద్దు చేసే బిల్లు 2025 లెజిస్లేచర్ సెషన్లో గట్టెక్కలేదు. సెషన్ జూన్ 2న ముగిసింది. రెండ్రోజులకే ఈ పని.

ఇర్వింగ్ అమ్మ
అయ్యా, రాజకీయం తర్వాత. మా పిల్లల సంగతి చెప్పండి ముందు.

రూల్‌బుక్ రావు
చెప్తానమ్మా. ఇన్‌స్టేట్‌కి రెండు దారులు.

మొదటిది డొమిసైల్, అంటే స్థిర నివాసం. సెన్సస్ డేట్‌కి, అంటే మామూలు సెమిస్టర్లో 12వ క్లాసు రోజుకి, ముందు 12 నెలలు తల్లో తండ్రో టెక్సాస్‌లో స్థిరపడి ఉండాలి, పిల్లవాణ్ణి ట్యాక్స్‌లో డిపెండెంట్‌గా చూపాలి. హెచ్1బి, హెచ్4 రెండూ డొమిసైల్‌కి పనికొచ్చే వీసాలే. జూన్ ఆర్డరు ఈ దారి జోలికి రాలేదు.

రెండోది పంతులు గారు చెప్పిన హైస్కూల్ దారి. ఆర్డరు ఆపింది దీన్నే, అదీ "లాఫుల్లీ ప్రెజెంట్" (చట్టబద్ధంగా దేశంలో ఉన్నవాళ్ళు) కానివాళ్ళ వరకే.

చిక్కు 21వ పుట్టినరోజు దగ్గర. హెచ్4 ఆ రోజుతో సరి. ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారితే, అది డొమిసైల్ జాబితాలో లేదు. మొదటి దారి మూసుకుపోతుంది, మిగిలేది హైస్కూల్ దారి ఒక్కటే. ఎఫ్1 వాడు లాఫుల్లీ ప్రెజెంటే కాబట్టి ఆర్డరు తగలదు. కానీ వీసా మార్పు దరఖాస్తు ఐ-539 మాత్రం 21 నిండకముందే వెళ్ళాలి. పుట్టినరోజు దాటాక పంపితే చేజేతులా ఆ ఆర్డరు కిందకి వెళ్ళినట్టే.

కాటన్ చీర
గ్రీన్‌కార్డు క్యూలో 21 దాటే పిల్లల వయసు తగ్గించి లెక్కేసే చట్టం ఉందిగా, సీఎస్‌పీఏ, అది కాపాడదా?

రూల్‌బుక్ రావు
గ్రీన్‌కార్డు నంబరు అందిన రోజుకి ఉన్న వయసులోంచి ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. ప్రీమియం డబ్బులు కట్టి పదిహేను పనిదినాల్లో తేల్చుకున్నవాళ్ళకి తగ్గేవి ఆ కాసిని రోజులే, డబ్బిచ్చి కొనుక్కున్న నష్టం. పైగా 2025 ఆగస్టు 15 నుంచి నంబరు అందిన రోజంటే ఫైనల్ యాక్షన్ డేటే (గ్రీన్‌కార్డు చేతికివ్వడానికి వంతు వచ్చే తేదీ) లెక్క. ఇండియావాళ్ళ ఈబీ2 (ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో ఒక కేటగిరీ) క్యూలో ఆశపడకండి.

లైన్లో ఉన్నోణ్ణి
చూశారా, మన పిల్లలకి ఢోకా లేదని రావు గారే తేల్చారు. ఇంకెందుకీ ఏడుపు?

ప్లేనో పంతులు
అఫిడవిట్ మాటేంటి? హైస్కూల్ దారిలో వెళ్ళేవాడు "అర్హత రాగానే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేస్తాను" అని సంతకం పెట్టాలి. ఎఫ్1 వాడేమో చదువైపోగానే ఇంటికెళ్తానని చెప్పుకోవాలి. రెండు కాగితాలు ఒకే ఫైల్లో ఉంటే?

రూల్‌బుక్ రావు
మంచి ప్రశ్న. అందులో ఉన్నది "అర్హత వచ్చినప్పుడు" అని, "ఇప్పుడే" అని కాదు. అయినా సంతకానికి ముందు లాయరుకి ఆ కాగితం చూపించండి. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళే ఉద్దేశముంటే మరీను.

లైన్లో ఉన్నోణ్ణి
లాయరు ఫీజులు, ఎక్స్‌టెన్షన్లు, పన్నులు అన్నీ మనమే కట్టాలి. గోడ దూకినోడికి మాత్రం రాయితీ.

కాటన్ చీర
పన్నుల మాట తేకండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. సేల్స్ ట్యాక్స్ ఉంది, 8.25 శాతం దాకా, బిల్లు కొట్టేటప్పుడు వీసా అడగరు. బడులు నడిచేది ప్రాపర్టీ ట్యాక్స్ మీద, అద్దెకున్నవాడి అద్దెలోనూ అదుంటుంది. మీ ఇంటి కప్పు వేసినవాడు కూడా కడుతున్నాడు.

లైన్లో ఉన్నోణ్ణి
మేడమ్, నన్ను కప్పు వేసేవాడితో పోల్చకండి.

కాటన్ చీర
హమ్మయ్య, అసలు మాట ఇప్పుడొచ్చింది. ఫీజు గొడవ కాదన్నమాట.

లైన్లో ఉన్నోణ్ణి
అవును, అదే మాట! పద్ధతిగా వచ్చాం, క్యూలో ముసలాళ్ళం అవుతున్నాం. వాళ్ళనీ మమ్మల్నీ ఒకే గాట కడితే మండదా? తేడా అనేది ఒకటుండాలి.

రూల్‌బుక్ రావు
తమ్ముడూ, మండుతుంది, నిజమే. కానీ నువ్వు రద్దు కావాలంటున్న హైస్కూల్ దారి, అంటే టెక్సాస్ ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 54.052లోది, చూడు. అందులో వాళ్ళకొక క్లాజు, ఎఫ్1కి మారిన మన పిల్లలకొక క్లాజు అని లేవు. ఉన్నది ఒక్కటే. కోర్టు దాన్ని సగం కోసింది. 2027 జనవరిలో లెజిస్లేచర్ కూర్చుని మొత్తం కొట్టేస్తే, ఏజ్ ఔట్ అయిన (21 నిండి హెచ్4 పోయిన) పిల్లలకి టెక్సాస్‌లో రెండో దారి ఉండదు. ఫీజు రెట్టింపు పైమాటే.

లైన్లో ఉన్నోణ్ణి
మనవాళ్ళకి వేరే క్లాజు పెట్టమని అడుగుదాం.

కాటన్ చీర
ఓటు లేనివాళ్ళం, ఎవర్ని అడుగుతాం?

ఇర్వింగ్ అమ్మ
రావు గారూ, మా వాడికి మార్చిలో 21. ఐ-539 ఇప్పుడే పంపొచ్చా, కాలేజీ ఇచ్చే ఎఫ్1 కాగితం ఐ-20 వచ్చేదాకా ఆగాలా?

రూల్‌బుక్ రావు
ఐ-20 ముందు కావాలమ్మా, అది లేకుండా ఎఫ్1కి మార్చరు. రేపే ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి.