అత్తయ్యగారిది కనిగిరి. బాబు పంటికి ఫ్లోరైడ్ పూస్తామంటున్నారు. ఏం చేయను?

బ్రాడీపేట అమ్మ:

మాది గుంటూరు. బాబుకి ఎనిమిదేళ్లు. పోయిన శనివారం పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. కింద ఎడమవైపు, పాలపళ్ల వెనకాల ఆరేళ్లప్పుడు కొత్తగా వచ్చిన దవడ పన్ను ఉంది కదా, దాని మీద చిగురు పక్కనే సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి మచ్చ. మామూలుగా చూస్తే నాకేం కనపడలేదు. ఆవిడ సన్న గొట్టంతో గాలి ఊది, తడి ఆరాక చూపిస్తే కనపడింది. పుచ్చు మొదలవడమంటే ఇదేనట. ఇంకా గుంట పడలేదు కాబట్టి డ్రిల్లింగ్, ఫిల్లింగ్ ఏం వద్దు, ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తాను, ఆరు నెలలకి మళ్లీ పూద్దాం అన్నారు. సరేనని వచ్చేశాను.

ఇంట్లో ఆ మాట అన్నానో లేదో, చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తయ్యగారు చాట పక్కన పెట్టేశారు. ఆవిడ పుట్టిల్లు కనిగిరి దగ్గర పల్లెటూరు, తాగే నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువుండే చోటు. పై పళ్ల నిండా గోధుమరంగు చారలు. మా పెళ్లి ఆల్బంలో ఒక్క ఫొటోలోనూ ఆవిడ నోరు తెరిచి నవ్వలేదు. ఆవిడ అన్నయ్యగారైతే అరవై దాటకముందే మెడ తిప్పలేని స్థితికొచ్చారు. "ఆ ఫ్లోరైడే కదమ్మాయ్ మా ఊరిని ముంచింది. డబ్బులిచ్చి మరీ పిల్లాడి నోట్లో పూయిస్తావా? ఆ తెల్లమచ్చ కూడా దానివల్లే వచ్చుంటుంది" అన్నారు. మర్నాటికి బాత్రూంలో పేస్టు మాయం, దాని చోట ఏదో పళ్లపొడి డబ్బా. మా ఆయన ఎప్పట్లాగే ఎవరివైపూ కాదు.

పెద్దావిడ చాదస్తం అని తీసిపారేయడానికి నాకు నోరు రావట్లేదు. ఆ పళ్లు రోజూ నా కళ్లెదుటే ఉన్నాయి. అక్కడ పళ్లు పాడుచేసిందే ఇక్కడ పన్ను బాగుచేస్తుందంటే ఎలా నమ్మను? మేం తాగేది ఆర్‌ఓ నీళ్లు. తీపి కూడా పెద్దగా తినడు, చాక్లెట్లు నేనసలు కొనను. దగ్గొస్తుందని వాళ్ల నాయనమ్మ పటికబెల్లం ముక్క బుగ్గన పెడుతుంది, రాత్రి పడుకునేముందు ఓ గ్లాసు పాలు, అంతే.

పళ్లపని, విజయవాడ:

నేను దంతవైద్యుణ్ణే. ఆ "అంతే" దగ్గర ఆగానండి. పటికబెల్లం ఏ వైపు బుగ్గన పెడతారో ఒకసారి చూడండి. ఎడమవైపే అయితే నేనేం ఆశ్చర్యపోను.

నోట్లో ఉండే బ్యాక్టీరియా చక్కెర తిని ఆమ్లం వదులుతుంది. పన్ను పైపొర ఎనామిల్, చిన్నప్పుడు పుస్తకాల్లో పింగాణీ పొర అని చదివామే, అది బరువులో 96 శాతం దాకా ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్. పంటి దగ్గర పీహెచ్, అంటే ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత, సుమారు 5.5 కంటే కిందికి పడితే ఆ ఖనిజం కరగడం మొదలవుతుంది. తినడం ఆపితే లాలాజలం ఆ ఆమ్లాన్ని చల్లార్చి, పోయిన కాల్షియాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. రోజంతా ఈ పోవడం, రావడం జరుగుతూనే ఉంటుంది. చాక్లెట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, పటికబెల్లం అరగంట నానుతుంది. ఆ అరగంటా రాబడి లేదు, ఖర్చే. పాలల్లో చక్కెర వేసి తాగించి అలాగే పడుకోబెడితే ఇంకా నష్టం, నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది.

ఫ్లోరైడ్ పని ఆ రాబడి వైపు. పంటి మీది తడిలో అది కొద్దిగా ఉన్నా చాలు, కాల్షియం, ఫాస్ఫేట్ త్వరగా వచ్చి అతుక్కుంటాయి. పైగా అలా కట్టిన కొత్త ఖనిజంలో ఫ్లోరైడ్ కూడా కలిసిపోతుంది కాబట్టి పాతదానికన్నా గట్టిది. పీహెచ్ 4.5 దగ్గరికి పడితేగాని కరగదు. మీవాడి మచ్చలో పైపొర ఇంకా చెక్కుచెదరలేదు, లోపల మాత్రం గుల్లబారింది. గాలి ఊదితే తెల్లగా తేలింది అందుకే. ఈ దశలో వెనక్కి తిప్పొచ్చు. గుంట పడ్డాక ఏ ఫ్లోరైడూ పూడ్చలేదు, అప్పుడు ఫిల్లింగే.

ఇక మచ్చ ఫ్లోరైడ్‌దా, పుచ్చుదా అన్నది. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఒంట్లోకి ఎక్కువగా పోయి పళ్లనీ ఎముకలనీ పాడుచేసే జబ్బు, అదే అయితే సాధారణంగా కుడి ఎడమల జంట పళ్ల మీద ఒకేలా ఉంటుంది, అంచులు తెలియకుండా మబ్బు కమ్మినట్టో సన్న గీతల్లానో. ఒక్క పంటికి, అదీ పాచి పేరుకునే చిగురు అంచున సుద్దలా ఉంటే ఎక్కువగా పుచ్చే. అయినా పన్ను చూసినావిడ ఆవిడ, నేను కాదు.

దర్శి మనిషి:

అమ్మా, నావీ చారల పళ్లే. ఇప్పుడు గుంటూరు అరండల్‌పేటలో ఉంటున్నాను, కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మీ అత్తగారి భయాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ సంగతి వైద్యపత్రికకి ఎక్కిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. దర్శి, పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు కిందే ఉండేవి.

కానీ లెక్క చూడండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. బోరులో నాలుగు ఉందనుకుందాం. పిల్లాడు లీటరు తాగితే నాలుగు మిల్లీగ్రాములు, అదే నీళ్లతో వండిన అన్నం, పప్పు వేరే. మన పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎంకి మించకూడదు, అంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము. బఠాణీ గింజంత పేస్టు పావు గ్రాము. మొత్తం మింగేసినా పావు మిల్లీగ్రాము. మేం తాగిన ఒక్క లీటరు అలాంటి పదహారు గింజలతో సమానం, అదీ పుట్టిన దగ్గర్నుంచి, రోజూ.

మా పళ్లు పాడైంది నోట్లో కాదు. చిగురు కింద, దవడ ఎముకలో పన్ను తయారయ్యేటప్పుడే, కడుపులోకి పోయిన నీళ్లవల్ల. మావి చారలతోనే బయటికొచ్చాయి. బయటికొచ్చిన పంటికి ఫ్లోరోసిస్ రాదు. మీవాడికి ఎనిమిదేళ్లంటే జ్ఞానదంతాలు తప్ప మిగతావాటి పింగాణీ దాదాపు కట్టేసినట్టే.

పటికబెల్లం ఎలా చేస్తారో ఆవిడకి తెలిసే ఉంటుంది. చిక్కటి పాకంలో దారం వేలాడదీస్తే దాని మీద స్ఫటికాలు కట్టుకుంటూ పోతాయి. లాలాజలం పాకం, పన్ను దారం, ఫ్లోరైడ్ ఆ కట్టడాన్ని తొందరపెట్టేది. ఇలా చెప్పి చూడండి.

కొత్తపేట పిన్ని:

మా ఇంట్లో కచ్చికతో తోమించేది మా అమ్మమ్మ. తెల్లగా మెరిసేవి గానీ నలభైకే చల్లనీళ్లు తాగితే జివ్వుమనేవి. ఆ పళ్లపొడి డబ్బా మీద ఏం రాసుందో చదవండి ముందు. ఇంకోటి, తోమాక గ్లాసులకు గ్లాసులు నీళ్లు పోసి పుక్కిలిస్తాం చూడండి, మా డాక్టర్ దానికే తిట్టాడు. నురగ ఉమ్మేసి ఊరుకోవాలట. నాకు అలవాటవడానికి నెల పట్టింది.

బ్రాడీపేట అమ్మ:

ఎడమ బుగ్గే! పొద్దున కాపు కాసి చూశాను.

దర్శి మాస్టారి లెక్క మొత్తం అత్తయ్యగారికి చదివి వినిపించాను. పదహారు గింజల దగ్గర మళ్లీ చదవమన్నారు. "మా నీళ్లలో నిజంగా ఎంతుండేదో ఎవరైనా కొలిచారా" అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. వార్నిష్‌కి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అది 22,600 పీపీఎం అని మా ఆయన ఫోన్‌లో చూసి చెప్పారు, ఇన్నాళ్లకి నోరు తెరిచి! పేస్టు మాత్రం బాత్రూంలోకి తిరిగొచ్చింది.

పళ్లపని, విజయవాడ:

అంకె పెద్దదేనండి, పూసేది కొన్ని చుక్కలు. లాలాజలం తగలగానే పంటికి అతుక్కుంటుంది, అదీ ఏడాదికి రెండుసార్లు. పూసిన రోజు గట్టివి, వేడివి పెట్టకండి, రాత్రి తోమించకండి. పళ్లు పచ్చగా కనిపిస్తే కంగారుపడొద్దు, మర్నాడు తోమితే పోతుంది.

బ్రాడీపేట అమ్మ:

బుధవారం వెళ్తున్నాం. ఆవిడా వస్తానన్నారు, డాక్టర్‌ని తనే అడుగుతారట. ఇంకో మాట. రాత్రి గిన్నెలు సర్దుతుంటే మెల్లగా, "నా పళ్లకి ఇప్పుడేమైనా చేస్తారేమో కనుక్కో" అన్నారు. డెబ్బై దగ్గరికొచ్చాయి ఆవిడకి. ఏమైనా ఉందా?

పళ్లపని, విజయవాడ:

ఉంది. మరక పైపైనే ఉంటే చాలా పలచగా అరగదీసి పాలిష్ చేస్తే బాగా తగ్గుతుంది. లోతుగా ఉంటే ముందు పళ్ల మీద పంటిరంగు పూత వేస్తారు. వయసు అడ్డం కాదు, చిగుళ్లు బాగుండాలి. బుధవారం బాబుతో పాటు ఆవిణ్ణీ కుర్చీలో కూర్చోబెట్టండి.