విండోస్ 7 ని ఇంకా మోయాలా, వదిలేయాలా?

కూకట్‌పల్లి_కోడర్: మాది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, విండోస్‌కీ లినక్స్‌కీ ఒకటే కోడ్, క్యూటీ (యాప్ స్క్రీన్లు కట్టే టూల్‌కిట్) 5.15 మీదుంది. క్యూటీ 6కి మారదామంటే అది విండోస్ 10 మీదే, అందులోనూ 1809 వెర్షన్ నుంచే నడుస్తుంది. బాలానగర్ వైపు షాపులు కొన్ని ఇంకా 7 మీదే ఉన్నాయి. ఏం చేద్దామంటారు?

మాదాపూర్_మామ: వదిలెయ్ బ్రో. మైక్రోసాఫ్టే 2020 జనవరి 14న చేతులు దులుపుకుంది, క్రోమ్ 109తో ఆగింది, డెస్క్‌టాప్ యాప్‌లు కట్టే ఎలక్ట్రాన్ 22తో ఆగింది, పైథాన్ 3.9 దానికి ఎక్కనే ఎక్కదు. నువ్వొక్కడివే మోస్తావా?

డాట్‌మ్యాట్రిక్స్: మామా, ఎప్పుడన్న షాపుకి పోయి చూసినవా? మా డెవలపర్ ఒకాయన టైమ్ ఇంకా కరెక్ట్‌గ రావాలని కొత్త ఫంక్షన్ పెట్టిండు. అప్‌డేట్ ఎక్కిన తెల్లారి షట్టర్ లేపంగనే 'గెట్‌సిస్టమ్‌టైమ్‌ప్రిసైజ్‌యాజ్‌ఫైల్‌టైమ్' కెర్నల్32 అనే విండోస్ ఫైల్‌ల దొరకలేదని ఎర్రర్ డబ్బా. అది విండోస్ 8 నుంచే ఉన్నదట. పప్పు ఉప్పు బిల్లుకి మైక్రోసెకన్లెందుకు? పొద్దుమీకే దాక చేత్తోని బిల్లులు రాసిన.

సైలెంట్_రీడర్: 😂 ఆ డబ్బా నాకూ తెలుసు

మాదాపూర్_మామ: అది మీవాడి తప్పు. వెర్షన్ చెక్ పెడితే అయిపోయేది.

కోఠి_కేబుల్: అవ్వదండి. ఫంక్షన్‌ని నేరుగా లింక్ చేస్తే ఆ డబ్బా మెయిన్, అంటే మన కోడ్, మొదలవకముందే వస్తుంది, ఇంక మీ వెర్షన్ చెక్ ఇఫ్ నడిచేదెప్పుడు? ప్రోగ్రామ్ నడిచేటప్పుడు గెట్‌ప్రాక్‌అడ్రస్‌తో ఫంక్షన్ ఉందా అని విండోస్‌ని అడగాలి, లేకపోతే పాతది వాడాలి. పైగా 8.1 నుంచి మ్యానిఫెస్ట్‌లో (యాప్‌తో వెళ్లే వివరాల ఫైల్) ఫలానా విండోస్‌కి సపోర్ట్ ఉందని రాయకపోతే, వెర్షన్ చెప్పే గెట్‌వెర్షన్‌ఈఎక్స్ 6.2 (విండోస్ 8 నంబర్) అనే చెప్తుంది. 11 కూడా 10.0 అనే అంటుంది, బిల్డ్ నంబర్ 22000 గానీ ఆపైన గానీ ఉందా అని చూసి పట్టుకోవాలి.

మాదాపూర్_మామ: బిల్డ్ చూడటం వెర్షన్ చెక్ కాదా? నేనన్నదీ అదేగా.

కోఠి_కేబుల్: నేను మొదట చెప్పింది చదివారా అసలు?

లినక్స్_లింగం: మా దగ్గరా ఇదే గోల. ఉబుంటు 22.04లో కట్టింది 20.04లో జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) పాతది, చాలదని మొరాయిస్తుంది. సపోర్ట్ చేసేవాటిలో అన్నిటికన్నా పాతదాని మీద బిల్డ్ చెయ్యండి.

మాదాపూర్_మామ: సరే గానీ, పదేళ్లు దాటిన పీసీ మార్చనివాడి కోసం మా టీమ్ ఎందుకు చావాలి?

డాట్‌మ్యాట్రిక్స్: ఎందుకంటే ఆయన ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ పైసలు) కట్టిండు! పైసలు మీ సుంటోళ్లకి, తిట్లు నాకు. ఏసీల కూసోని ఎన్ని మాటలైన జెప్తరు.

మాదాపూర్_మామ: ఏసీ సంగతి ఎందుకులే. టెస్టింగ్‌కి ఒక్క 7 మెషీన్ ఇప్పించండని రెండేళ్లు అడిగా, మా మేనేజర్ ఇవ్వలేదు. రిలీజ్ కాగితంలో మాత్రం 'విండోస్ 7 సపోర్టెడ్' అని రాసి నన్ను సంతకం పెట్టమన్నారు. నడిపి చూడని దానికి నేనెలా పెడతాను? అందుకే తీసెయ్యమన్నా.

డాట్‌మ్యాట్రిక్స్: గీ ముచ్చట ముందే జెప్పొద్దా? నేనింతసేపు నువ్వు షాపోళ్లని తీసిపారేస్తున్నవనుకున్న.

కూకట్‌పల్లి_కోడర్: నాకూ మెషీన్ లేదు అన్నా, ఇన్నాళ్లూ షాపు వాళ్లే నా టెస్టర్లు 🙈 ముందు పాతవాళ్లకి క్యూటీ 5.15 బ్రాంచ్ (కోడ్ కాపీ) వేరుగా ఉంచి, బగ్ ఫిక్సులు మాత్రమే ఇస్తా.

డాట్‌మ్యాట్రిక్స్: మా గోదాంల ఒక పాతది పడున్నది, ప్రింటర్‌తోని సహా. వచ్చి తీస్కపో.

కూకట్‌పల్లి_కోడర్: 32 బిట్టా, 64 బిట్టా?

డాట్‌మ్యాట్రిక్స్: ముందుగాల ఆన్ అయితదా చూడనియ్యి.