‘నానా’: సినిమా చూశాక మాంగా మొదలుపెట్టాలా, వద్దా?

పుల్లట్టు
మొన్న రాత్రి 2005లో వచ్చిన జపనీస్ సినిమా ‘నానా’ చూశాను. మంచు పడి రైలు ఆగిపోతుంది. పక్కపక్క సీట్లలో ఇద్దరమ్మాయిలు, ఇద్దరికీ 20 ఏళ్ళు, ఇద్దరి పేరూ నానానే. ఒకమ్మాయి టోక్యోలో ఉన్న బాయ్‌ఫ్రెండ్ దగ్గరికి వెళ్తోంది, ఇంకో అమ్మాయి పాటలు పాడి పైకి రావాలని వెళ్తోంది. సినిమా అయిపోయాక కూడా నిద్ర పట్టలేదు. దీనికి మూలమైన మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, 21 వాల్యూములట, అదీ సగంలో ఆగిందట. ఇప్పుడు మొదలుపెట్టి నానా తంటాలూ పడాలా, సినిమాతో సరిపెట్టుకోవాలా? చదివినవాళ్ళు చెప్పండి. స్పాయిలర్లు మాత్రం వద్దు, దండం పెడతాను.

సెకండ్ షో
నా ఓటు సినిమాకే. కాగితం మీద బ్యాండు కథ ఎంత బాగున్నా పాట వినపడదు కదండీ. సినిమాలో పాటలు పాడే నానా ఒసాకిగా వేసిన మికా నకాషిమా అసలే గాయని. ఆమె పాడిన ‘గ్లామరస్ స్కై’కి ట్యూను రాక్ గాయకుడు హైడ్‌ది, పాట రాసింది మాంగా గీసిన ఐ యజావానే. నేనైతే ముందు పాట విని, ఆ తర్వాత సినిమా వెతుక్కుని చూశాను.

వానాకాలం చదువు
పాట వినపడదన్నది నిజమే, కానీ అదే నాకు నచ్చింది. మాంగాలో నానా పాడుతూ నోరు తెరిచిన బొమ్మ ఒక పేజీ నిండా ఉంటుంది, అక్కడ గొంతు మనం ఊహించుకోవాలి. సినిమా చూశాక ఇక ఊహించుకోలేకపోయాను, నకాషిమా గొంతే వచ్చి కూర్చుంది.

నా అనుభవం చెప్తాను, నవ్వకండి. కాలేజీలో ఫ్రెండ్ దగ్గర మొదటి వాల్యూమ్ తీసుకుని, మాంగా కుడి నుంచి చదవాలని తెలియక మన పుస్తకంలాగే ఎడమ నుంచి తిప్పాను. పది పేజీలు పోయాక ముందు ఏడ్చి తర్వాత గొడవ పడుతున్నారేంటి అనుకున్నా! అలవాటయ్యాక వదల్లేదు. అందులో అసలు సంగతి ఆ పిలుపు. చిన్న నానా, అదే బాయ్‌ఫ్రెండ్ కోసం వెళ్ళే అమ్మాయి, మధ్యమధ్యలో ‘ఏయ్, నానా’ అంటూ మాట్లాడుతుంటుంది. ఎదురుగా ఉన్న నానాతో కాదు, ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్కడి నుంచో. అందుకే ఇద్దరూ నవ్వుకునే సీన్లలో కూడా మనకి లోపల ఏదో గుబులుగా ఉంటుంది. స్ట్రాబెర్రీ బొమ్మల గ్లాసులు రెండు కొంటారు చూడండి, మామూలు వస్తువే. తర్వాత అందులో ఒకటి పగిలే చోట నేను పుస్తకం మూసేసి బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

పుల్లట్టు
గ్లాసు పగులుతుందని చెప్పేశారుగా!!

వానాకాలం చదువు
గ్లాసన్నాక పగలదా అండీ. ఎందుకు పగిలిందో చెప్పలేదు కదా.

మూడో బెర్త్
నేను ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నాను. వాళ్ళ ఫ్లాటు నంబరు 707, ఏడో అంతస్తు, లిఫ్టు లేదు, అద్దె 70,000 యెన్లు. జపనీస్‌లో ‘నానా’ అంటే ఏడు కాబట్టి ఆ ఏడుల వరస. ‘హాచి’ అంటే ఎనిమిది. పైగా యజమాని కోసం షిబుయా స్టేషన్ దగ్గర ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుక్క హాచికో గుర్తొస్తుంది. పెద్ద నానా, అదే పాటలమ్మాయి, చిన్న నానాని కుక్కపిల్లలా ఉన్నావంటూ హాచి అని పిలుస్తుంది. చదువుతూ పోతే ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో తిరగబడుతుంది, ఇంతకంటే చెప్పను.

ఒకరోజు పనయ్యాక తమా నది గట్టు మీద కూర్చున్నాను. ఆ కథలో ఉన్న నది అదే. సైకిళ్ళ మీద స్కూలు పిల్లలు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా గంటసేపు లేవలేదు.

అర్ధరాత్రి టీ
అందరూ స్నేహం గురించే రాస్తున్నారు, హాచి జీవితంలోకి వచ్చే తకుమి మాట ఎవరూ ఎత్తరేం? 21 ఏళ్ళప్పుడు హాస్టల్లో నలుగురం ఒకే ఫోన్‌లో ఈ కథ యానిమే, అంటే జపనీస్ యానిమేషన్ సిరీస్, చూశాం. హాచి తకుమి వైపు వెళ్ళినప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాం. పెద్ద నానా బ్యాండులో ఉండే నోబు లాంటి మంచివాడిని వదులుకుంటావా అని. ఇప్పుడు నాకు పాప ఉంది. మళ్ళీ చూస్తే ఆ సీను వేరేలా కనపడింది. హాచి కడుపుతో ఉందని తెలిసినప్పుడు నోబు నోట మాట రాదు. తకుమి మాత్రం బిడ్డ బాధ్యత నాది అంటాడు. తకుమి మంచివాడని కాదు, అతని మీద నా కోపం ఎక్కడికీ పోలేదు. కానీ ఆ రాత్రి ఆ పిల్లకి కావాల్సింది ఏమిటో యజావాకి బాగా తెలుసనిపించింది. హాచి టోక్యో బాయ్‌ఫ్రెండ్ షోజీని తన్నుకుపోయిన సాచికో కూడా అంతే, తిట్టుకుందామంటే పాపం మామూలు అమ్మాయి.

పుల్లట్టు
అక్కా… కడుపా? నేను సినిమా ఒకటే చూశానక్కా.

అర్ధరాత్రి టీ
అయ్యో, సారీ తల్లీ. అది 2006లో వచ్చిన ‘నానా 2’లో ఉంది, నువ్వు రెండూ చూశావనుకున్నా.

సెకండ్ షో
ఆ రెండోది చూడకపోయినా నష్టం లేదు. హాచిగా అవోయి మియజాకి పోయి యుయి ఇచికావా వచ్చింది, పెద్ద నానా ప్రియుడు రెన్‌గా వేసినవాడు మారాడు, ఆమె బ్యాండులోని షిన్‌గా వేసినవాడూ మారాడు. ఇచికావా బాగానే చేసింది, తప్పు ఆమెది కాదు. కానీ ఇది ఇద్దరు కలిసి బతికిన కథ. అందులో ఒకరి మొహం మారిపోతే నకాషిమా ఎవరో కొత్తమ్మాయితో మాట్లాడుతున్నట్టే ఉంది నాకు.

మూడో బెర్త్
మధ్యే మార్గంగా యానిమే చూడండి. మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్ళది, 2006–07లో వచ్చింది, 47 ఎపిసోడ్లు. ఇందులో పెద్ద నానా పాటలు గాయని అన్నా త్సుచియా పాడింది. గొంతు కాస్త గరుకుగా ఉంటుంది, నాకు పెద్ద నానా అంటే ఆ గొంతే. యానిమే ఆగేది కూడా ఫర్వాలేదనిపించే చోటే. మాంగా 2009లో రచయిత్రి ఆరోగ్యం బాగోలేక ఆగింది. చివరి వాల్యూములు బాగా బరువుగా ఉంటాయి. అంత జరిగాక కథ అక్కడే నిలిచిపోవడం తట్టుకోగలిగితేనే అటు వెళ్ళండి.

వానాకాలం చదువు
నేను తట్టుకోలేదు, అయినా మూడుసార్లు చదివాను. పూర్తవలేదనే బాధ మొదటిసారే ఉంది. తర్వాత్తర్వాత 707లో వాళ్ళు కలిసి ఉన్న రోజుల కోసమే తెరుస్తున్నా.

పుల్లట్టు
మీ అందరి మాటా విని నిన్న మాంగా మొదలుపెట్టాను. రెండో వాల్యూమ్‌లో ఉన్నా. గ్లాసులు ఇప్పుడే ఇంటికొచ్చాయి, చూస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. స్పాయిలర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం రాసి పెట్టుకున్నాను.